ట్రాక్టరు కొనబోయే ముందు చక్రపు జారుడు చూడండి



రెండు చక్రాలతో లాగే ట్రాక్టరు మేలా, నాలుగింటితో లాగేది మేలా? ధరలోని తేడా అప్పుగా మీ నెత్తినే పడును గనుక ముందు మీ నేలనే అడగండి.

అద్దె ట్రాక్టరు వెనుక చక్రానికి సుద్దతో గుర్తు పెట్టి, నాగలి ఎత్తి పది చుట్లు నడిపించి దూరం కొలవండి. తరువాత అదే చేలో దున్నుతూ పది చుట్లు. మొదట 40 మీటర్లు, పిదప 34 వచ్చినచో జారుడు నూటికి 15. రెండు చక్రాలు చాలును. 30కి దిగినచో చక్రపు తిరుగుడులో నాలుగో వంతు వృథాయే. అప్పుడైనా తొందరపడక, వెనుక టైర్లలో నీరు నింపించి మళ్లీ చూడండి. చల్కా నేలల్లో తరచు అంతటితో సరిపోవును.

డెల్టా నల్లరేగడి దమ్ముకు మాత్రం నాలుగు చక్రాలదే మేలని నా అభిప్రాయం. ట్రాలీతో తారురోడ్డెక్కినప్పుడు ముందు చక్రాల లాగుడు తప్పించండి. లేనిచో ఆ టైర్లు త్వరగా అరిగిపోవును.