ఎరుపు తగ్గితే కన్ను బాగైనట్టేనా?

ఇంట్లో చిన్నపిల్లల కన్ను ఎర్రబడితే ఏం చేస్తాం? కళ్లకలక అనుకుంటాం, మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చి వేసేస్తాం. చాలాసార్లు అది మామూలు ఎరుపే. కానీ చాలా అరుదుగా, దాని వెనకాల కంటి లోపల ట్యూమర్ ఉండొచ్చు. ఈరోజు టాపిక్ అదే.

దీని పేరు రెటినోబ్లాస్టోమా. రెటీనాలో పుట్టే క్యాన్సర్ ఇది. సుమారు 15,000 నుంచి 20,000 మంది పిల్లల్లో ఒకరికి, ఎక్కువగా 5 ఏళ్లలోపే వస్తుంది. కొందరిలో ట్యూమర్ కణాలు కంటి ముందు భాగంలోకి వచ్చి, నల్లగుడ్డు కింది అంచున తెల్లగా పేరుకుంటాయి. చూడ్డానికి అచ్చం చీములాగే ఉంటుంది. కంటి లోపలి వాపు, అంటే యువైటిస్ అనుకునే అవకాశం ఎక్కువ. ఒకరకంగా ఇది ట్యూమర్ వేసుకున్న మారువేషం.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఎరుపు కొన్నాళ్లు తగ్గొచ్చు. హమ్మయ్య అనుకుంటాం. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఎర్రర్ మెసేజ్ ఆఫ్ చేశాం, బగ్ మాత్రం లోపలే ఉంది! ఈలోపు ట్యూమర్ పెరుగుతూ ఉంటుంది.

అందుకే చిన్నపిల్లల్లో వాపు తగ్గకపోయినా, తగ్గి మళ్లీ వచ్చినా, కంటిపాపని పెద్దది చేసి రెటీనా మొత్తం చూడాలి. అవసరమైతే మత్తు ఇచ్చి చూస్తారు, అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐ చేస్తారు. ట్యూమర్ అనుమానం ఉంటే కంట్లో సూది గుచ్చి శాంపిల్ తీయడానికి డాక్టర్లు వెనకాడతారు. ఆ దారిలో కణాలు బయటికి పాకే ప్రమాదం ఉంది మరి.

ఇంకో క్లూ మన ఫోన్‌లోనే ఉంటుంది. ఫ్లాష్ ఫొటోలో కంటిపాప తెల్లగా మెరవడం! అమెరికాలో బేలర్ యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ బ్రయాన్ షా కొడుక్కి ఈ జబ్బు వచ్చింది. పాత ఫొటోలు తిరగేస్తే, జబ్బు బయటపడకముందే ఆ మెరుపు ఉంది. తర్వాత ఆయన టీమ్ ఫొటోల్లో దాన్ని వెతికే క్రేడిల్ యాప్ తయారుచేసింది.

తెల్లగా కనిపించిన ప్రతిదీ క్యాన్సర్ కాదు. శుక్లం కావచ్చు, కెమెరా యాంగిల్ కూడా కావచ్చు. ఫొటో మామూలుగా ఉంది కదా అని ధీమా కూడా వద్దు. యాప్ అనుమానం మాత్రమే చెబుతుంది, తేల్చాల్సింది కంటి డాక్టరే. డాక్టర్ రాసిన చుక్కలు మీ అంతట మీరు ఆపేయకండి. "లోపల రెటీనా చూశారా అండీ?" అని మాత్రం తప్పకుండా అడగండి. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఈ జబ్బుకి వైద్యం ఉంది. తొందరగా పట్టుకుంటే ప్రాణమే కాదు, చాలామందిలో కన్ను కూడా దక్కుతుంది.

చిన్నపిల్లలున్న ఫ్రెండ్స్‌కి ఇది ఇప్పుడే ఫార్వర్డ్ చేయండి.