ధూపం కావాలి, ధూపం వేసేవాడు వద్దా?

(విశాఖపట్నంలో జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దర్గాకొండ నీడనున్న ఈ పాతనగరంలో మనమంతా ఎరిగిన దృశ్యమే. ఒక చేత సాంబ్రాణి పాత్ర, మరో చేత నెమలీకల కట్ట పట్టుకొని ఫకీరు దుకాణం ముందు నిలుస్తాడు. ధూపం వేయించుకుంటాం, నాణెం ఇస్తాం, పంపేస్తాం. ఆయనకు ఒక కొడుకు ఉంటాడని, వాడికీ ఒక మనసుంటుందని మనకు తోచదు.

అలాంటి కుర్రవాడొకడు మాకు తెలుసు. గాజువాక వైపు పాలిటెక్నిక్ చదివేవాడు. ఉక్కు కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరాలని వాడి కోరిక. ఒకనాడు స్నేహితులతో బజారులో నిలబడి ఉండగా తండ్రి ధూపంతో ఎదురొచ్చాడు. కొడుకు ముఖం తిప్పుకున్నాడు. స్నేహితులు గ్రహించారు. మర్నాటి నుండి వాడి పేరు "సాంబ్రాణి" అయింది. ఆ పేరు పెట్టి పిలిచినవారిలో మన పిల్లలూ ఉన్నారు. క్రమంగా వాడికి నిద్ర పోయింది, తిండి తగ్గింది, చదువు ఆగింది. గాలి సోకిందని ఇంట్లోవారు తాయెత్తు కట్టారు. తోటివారి ఎగతాళి కన్నా, కన్నతండ్రిని కాదనుకున్నానన్న బాధే వాడిని ఎక్కువగా తినేసింది.

ఇది మన ఒక్క ఊరి కథ కాదు. సుమారు వెయ్యేళ్ళ క్రితం భారతదేశం నుండి వలసపోయిన రోమా ప్రజలు నేడు ఐరోపా అంతటా ఉన్నారు. నీటిని వారు ఇప్పటికీ "పానీ" అనే అంటారు. వారిలో ఎలుగుబంటిని ఆడించినవారు, లోహపు పని చేసినవారు ఉన్నారు. బాల్కన్ దేశాలలో ముస్లిములైన రోమాలూ ఎందరో. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీలు వారిని లక్షల సంఖ్యలో చంపారు. నేటికీ రోమా యువకులలో కులం పేరు దాచుకొని బతికేవారున్నారు.

మన రాష్ట్రంలో 2007 నాటి చట్టం బి.సి.-ఇ వర్గంలో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఆ జాబితాలో ఫకీర్లు, గారడీ సాయబులు, పాములవాళ్ళు, ఎలుగుబంటివాళ్ళు, రాతిపని చేసే తురక కాశలు ఉన్నారు. 1998లో కేంద్ర ప్రభుత్వం ఎలుగుబంటిని, కోతిని ఆడించడం నిషేధించింది. మూగజీవాలకు అది న్యాయమే. కాని జీవనోపాధి పోయిన మనిషికి మరో దారి చూపే బాధ్యత మిగిలే ఉంది.

ఇందులో మా తప్పు కూడా చెప్పుకోవాలి. గుమాస్తా బల్ల వెనుక కూర్చున్న రోజుల్లో, ఇంటి నంబరు లేదని ఇటువంటి కుటుంబాల దరఖాస్తులు తిప్పి పంపాము. ఊరూరా తిరిగేవాడికి ఇంటి నంబరు ఎక్కడిదని ఒక్కనాడూ ఆలోచించలేదు. ధ్రువపత్రం అందని పిల్లవాడికి రిజర్వేషన్ కాగితం మీదే మిగులుతుంది.

కనుక మనం చేయవలసిన పనులు మూడు. మొదటిది, ప్రతి మసీదు కమిటీ తన పరిధిలోని సంచార కుటుంబాల పిల్లలకు ధ్రువపత్రాలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు దగ్గరుండి పూర్తి చేయించాలి. రెండవది, పిల్లవాడు నిద్ర మాని, మాట మాని, "నేనెవరికీ అక్కరలేదు" అంటుంటే తాయెత్తుతో సరిపెట్టకూడదు. వాడిని ఒంటరిగా వదలకూడదు. టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రభుత్వ మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కని 2017 చట్టం చెబుతోంది. దుఆ చేద్దాం, వైద్యమూ చేయిద్దాం.

మూడవది అన్నిటికన్నా కష్టమైనది. నమాజు వరుసలో భుజం కలిపి నిలబడే మనం వలీమా విందులో ఆ కుటుంబాన్ని దూరంగా కూర్చోబెడుతున్నాం, సంబంధం మాట వస్తే మౌనం వహిస్తున్నాం. పిల్లవాడు చూసేది వరుసను కాదు, విందును.

ఆ కుర్రవాడు ఇప్పుడు మందులు వాడుతున్నాడు. ఈ ఏడాది తిరిగి పరీక్ష ఫీజు కట్టాడు. తండ్రితో మాత్రం ఇంకా సరిగా మాట్లాడడం లేదు. ఆ ఇద్దరినీ ఒకే దస్తర్‌ఖాన్ మీదకు పిలిచే ఇల్లు ఏదైనా ఈ సభలో ఉందా? ఈ ప్రశ్నతోనే సెలవు తీసుకుంటున్నాము.