వానలో కారు అద్దం

నాది పాత అంబాసిడర్. ఆ బండ్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. నిరుడు శ్రావణంలో ఒక రాత్రి మా ఆవిడకు ఆయాసం వస్తే ఆస్పత్రికి బయలుదేరాను. దారిలో ముందద్దం తెల్లబడిపోయింది. చేత్తో తుడిస్తే జిడ్డంటి మరీ మసకైంది. సైకిలు మీద ఎవరో వెంట్రుకవాసిలో తప్పాడు.

దీనికి వైపరు పనికిరాదు. ఆవిరి లోపలిది, మన ఊపిరిదే. చల్లటి అద్దానికి తగిలి చెమ్మవుతుంది. అందుకని ఇప్పుడు తడి గొడుగులు డిక్కీలో వేస్తున్నాను. ముందు తలుపుల్లోని ముక్కోణపు అద్దాలు, వెనక కిటికీ కాస్త తెరుస్తాను. జల్లు కొడుతుందని మా ఆవిడ గొణుగుతుంది (ముందు వరుసలోనే కూర్చుంది, వింటోంది). వానాకాలంలో వారానికోసారి లోపలివైపు పొడి సబ్బు పలచగా రుద్ది, పాత ధోవతి గుడ్డతో మరక లేకుండా తుడుస్తాను. అయినా మసకేస్తే బండి పక్కకు ఆపేయాలి. ఆ రాత్రి నేను ఆపలేదు.