రంగం పోయిన తాతలు, సింగపూర్ పోయిన మనవలు

(సింగపూర్‌లో పనిచేసి వచ్చిన కూలీలం, ఇంకా అక్కడే ఉన్నవాళ్ళ అనుభవాలు కూడా కలుపుకుని, గోదావరి ఒడ్డున ఒక పేటలో జరిగిన సభలో చెప్పిన మాటలివి.)



ఈ పేట నుంచి ఐదుగురు కుర్రాళ్ళు ఈ నెలలోనే ఏజెంటుకి డబ్బు కట్టబోతున్నారని విన్నాం. వెళ్ళొద్దని చెప్పడానికి మేం రాలేదు. మేమూ వెళ్ళినవాళ్ళమే. వెళ్ళి శ్లాబు ఇల్లు వేసుకున్నవాళ్ళూ మాలో ఉన్నారు. ఊళ్ళో పొలం ఎవరిదో, చెరువు ఎవరిదో, గుడి ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు. చేతికి పనుంటే, ముంతలో గింజలుంటే ఎవడు దేశం దాటతాడు? కాకపోతే విమానం దిగాక అక్కడ ఒక్క రోజు ఎలా గడుస్తుందో చెప్పేవాడు లేడు. ఏజెంటు మేడల ఫోటోలు చూపిస్తాడు. ఆ మేడలు కట్టినోడు ఎక్కడ పడుకుంటాడో చూపించడు.

మన జాతికి ఈ దారి కొత్తది కాదు. మన తాతలు కాకినాడలో, విశాఖలో స్టీమరెక్కి రంగం పోయారు. రంగం అంటే రంగూన్. 1931 జనాభా లెక్కల్లో ఆ నగరంలో నాలుగు లక్షల మంది ఉంటే, సగానికి పైగా ఇండియా నుంచి పోయినవాళ్ళే. రేవులో బస్తాలు మోసిందీ, రిక్షాలు లాగిందీ, దొడ్లు ఎత్తిందీ ఎక్కువగా తెలుగు కూలీలే. కోరంగి రేవు పేరు పెట్టి వాళ్ళని 'కోరంగీలు' అనేవారు. అది పిలుపు కాదు, తిట్టు. మేస్త్రీ ఊళ్ళో పేష్గీ ఇచ్చి తోలుకుపోయేవాడు, అక్కడ కూలిలో కోసుకునేవాడు. 1930 మే నెలలో రేవు కూలీలు జీతం కోసం సమ్మె కట్టారు. వాళ్ళ స్థానంలో బర్మా కూలీలని పెట్టారు. సమ్మె తీరాక ఆ బర్మావాళ్ళని పొమ్మన్నారు. కడుపు మండినవాడు గుత్తేదారు మీద పడలేదు, పక్క కూలోడి మీద పడ్డాడు. వంద మందికి పైగా చచ్చిపోయారు. 1942లో జపానువాళ్ళు వచ్చేసరికి బతికినవాళ్ళు అడవుల వెంట, కొండల వెంట నడిచి వెనక్కి వచ్చారు. దారిలో ఎంతమంది పోయారో, వాళ్ళ పేర్లేమిటో ఏ రాయి మీదా చెక్కలేదు.

ఇప్పుడు సింగపూర్ సంగతి.

పొద్దున్న నాలుగున్నరకి లేవాలి. అది డార్మెటరీ. ఒక గదిలో రెండంతస్తుల ఇనప మంచాలు. మేం ఉన్న రోజుల్లో గదికి పన్నెండు నుంచి ఇరవై మంది. కరోనా తర్వాత కొత్తగా కట్టేవాటిలో పన్నెండు మందికి మించకూడదని 2021లో రూలు పెట్టారు. తెల్లారకుండానే కేటరింగు వాడు అన్నం పొట్లాలు గేటు దగ్గర పడేసి పోతాడు. టిఫినూ, మధ్యాహ్నం భోజనమూ ఒకేసారి. ఆ ఎండలో, ఆ ఉక్కలో పన్నెండు గంటలయ్యేసరికి కూర పులిసిపోద్ది. వాసన చూసి తినేవాళ్ళం. మానేస్తే పని చెయ్యలేం.

తర్వాత లారీ. వెనక తొట్టిలో, ఇసకా సిమెంటూ వేసుకుపోయే చోట మనుషులు కూర్చుంటారు. ఆ దేశంలో కారులో కూర్చున్నోడు బెల్టు పెట్టుకోకపోతే జరిమానా. లారీ తొట్టిలో మాత్రం బెల్టూ లేదు, సీటూ లేదు. ఆపమని అక్కడి కార్మిక సహాయ సంఘాలు ఏళ్ళ తరబడి అడుగుతున్నాయి. ప్రభుత్వం 2023 నుంచి వాన కప్పు వెయ్యాలంది, వెనకున్నవాళ్ళని కనిపెట్టుకోడానికి ఒక మనిషిని పెట్టాలంది. లారీని ఆపలేదు. సాయంత్రం అదే లారీలో నిద్రపోతూ, ఒకడి భుజం మీద ఒకడు పడుతూ తిరిగొచ్చేవాళ్ళం.

డబ్బు లెక్క చెబుతాం, జాగ్రత్తగా వినండి. మాలో చాలామందికి రోజుకి ఇరవై డాలర్లు బేసిక్. నెలకి 26 రోజులు, 520 డాలర్లు. ఓవర్‌టైము నెలకి 72 గంటలు దాటకూడదని అక్కడి చట్టం. గంటకి ఒకటిన్నర రెట్లు కట్టాలి. మొత్తం చేస్తే 270. కలిపి 790. తిండికి 150, ఫోనుకీ సబ్బులకీ ఒక వంద. ఇంటికి పంపేది 540. డాలరు 65 రూపాయలు వేసుకుంటే 35 వేలు. బాగానే ఉంది కదా అంటారు. ఆగండి. మేం ఒక్కొక్కరం ఏజెంటుకి కట్టింది రెండున్నర నుంచి నాలుగు లక్షలు. నూటికి మూడు వడ్డీకి తెచ్చిన మూడు లక్షల మీద వడ్డీయే నెలకి తొమ్మిది వేలు. ఇంట్లో తిండికి పన్నెండు వేలు తీసి, మిగిలిందంతా అప్పుకి కట్టినా తీరేసరికి పదిహేడు నెలలు. పర్మిట్టు చూస్తే రెండేళ్ళకి మించి ఇవ్వరు. మధ్యలో కంపెనీ వాడు ఎప్పుడైనా కేన్సిల్ చెయ్యొచ్చు. ఆరో నెలలో కేన్సిలైతే? పెళ్ళాం మెడలో పుస్తెలు కూడా షావుకారు ఇంట్లోనే.

పాలేరుకి ఆసామి ముందు డబ్బిచ్చి కట్టేసుకునేవాడు. మేస్త్రీ పేష్గీ ఇచ్చి రంగం తోలుకుపోయేవాడు. ఇప్పుడు ముందు డబ్బు మనమే ఇచ్చి కట్టేయించుకుంటున్నాం. అందుకే అక్కడ ఎవరూ నోరెత్తరు. జీతం తక్కువేసినా, వేలు తెగినా, అప్పు గుర్తొచ్చి తల వంచుకుంటారు. పైగా ఒక్కొక్క కూలి మీద కంపెనీ ప్రభుత్వానికి 5,000 డాలర్ల బాండు పెడుతుంది. నిర్మాణ పనిలో స్కిల్లు తక్కువన్న కూలి మీద 2024 నుంచి నెలకి 900 డాలర్ల లెవీ కూడా కడుతుంది. అంటే మా మొత్తం జీతం కంటే మా మీద పన్నే ఎక్కువ! ఆ పన్ను కూలి జీతంలోంచి కొయ్యకూడదని చట్టం ఉంది. అది గుర్తుపెట్టుకోండి.

కులం సంగతి అడుగుతారని తెలుసు. నిజం చెబుతాం. టెక్కా మార్కెట్టులో టీ కొట్టువాడు మాకు వేరే గ్లాసు పెట్టలేదు. హోటల్లో ఎవడి పక్కనైనా కూర్చున్నాం. చీనా సూపర్‌వైజరుకి మాలా మాదిగా, రెడ్డీ కమ్మా ఏమీ తెలీదు. మొదటిసారి అలా కూర్చుని తిన్న రోజు మాలో ఒకాయన కళ్ళల్లో నీళ్ళు పెట్టుకున్నాడు. దాన్ని మేం చిన్న విషయం అనం. అయితే ఆ ఊళ్ళో కులం అడిగినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. మనవాళ్ళే. "ఏ ఊరు?" అంటారు, తర్వాత "ఇంటిపేరేంటి?" అంటారు, తర్వాత గదిలో వంట బ్యాచి మారిపోద్ది. ఉగాదికి హాల్లో పచ్చడి పంచే పెద్ద ఉద్యోగాల తెలుగువాళ్ళకి లారీలో పోయే తెలుగువాడు కనపడడు. వాళ్ళ పాసు వేరు. వాళ్ళు భార్యాపిల్లల్ని తెచ్చుకోవచ్చు. మన వర్క్ పర్మిట్టు మీద ఆ వీల్లేదు. ఆ దేశపు పిల్లని చేసుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. సింగపూర్‌వాడు కులం అడగడు గానీ పాసు అడుగుతాడు.

ఆదివారం ఒక్కటే మాది. సెరంగూన్ రోడ్డు, ముస్తఫా కొట్టు, డబ్బు పంపే కౌంటర్ల దగ్గర వరసలు. పెరుమాళ్ళ గుడి బయట, గడ్డి మైదానాల్లో ఊరూరా గుంపులుగా కూర్చుంటారు. రైలు స్టేషన్లలో బోర్డుల మీద తమిళం ఉంటది, ఎందుకంటే అది అక్కడ అధికార భాషల్లో ఒకటి. తెలుగు బోర్డు మాకు కనపడలేదు. తమిళం మాట్లాడటం నేర్చేసుకున్నాం. 2013 డిసెంబరు 8, ఆదివారం రాత్రి అక్కడే తమిళనాడు కూలి ఒకాయన, 33 ఏళ్ళవాడు, కూలీల్ని తీసుకెళ్ళే బస్సు కింద పడి చనిపోయాడు. జనం తిరగబడ్డారు. పోలీసు బళ్ళు కాలాయి. 25 మంది మీద కేసులు పెట్టారు, 57 మందిని దేశం నుంచి పంపేశారు. బతుకు బాధలు ప్రధాన కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. సారా మీద మాత్రం 2015లో చట్టం వచ్చింది. ఆ కమిటీ వాళ్ళు ఒక్క వారం లారీ తొట్టిలో తిరిగి ఉంటే ఏం రాసేవారో అని మాకు అనిపిస్తది.

2020 ఏప్రిల్లో కరోనా. డార్మెటరీల గేట్లు మూసేశారు. మూడు లక్షల పైచిలుకు కూలీలు లోపల. జీతాలిమ్మని చెప్పారు, అన్నం పెట్టారు, వైద్యం చేశారు. అది ఒప్పుకోవాలి. చనిపోయినవాళ్ళు తక్కువే. కానీ డిసెంబరు నాటికి డార్మెటరీ కూలీల్లో సగం మందికి దగ్గరగా, నూటికి 47 మందికి, ఆ జబ్బు తగిలిందని సర్కారే చెప్పింది. ఊరంతా బజారుకి తిరుగుతున్నా మేం గేటు దాటాలంటే పాసు అడగాల్సొచ్చింది. ఆ పద్ధతి 2022 జూన్ దాకా నడిచింది.

అమ్మలారా, ఇళ్ళల్లో పనికి వెళ్ళే అక్కచెల్లెళ్ళ సంగతి ఇంకా ఇరుకు. ఉద్యోగ చట్టం వాళ్ళకి వర్తించదు. నెలకి ఒక్క రోజైనా తప్పనిసరి సెలవు 2023లో గానీ రాలేదు. ఆర్నెల్లకోసారి వైద్య పరీక్ష, కడుపొస్తే ఇంటికి పంపడమే.

ఇక వెళ్ళే తమ్ముళ్ళకి. ఐపీఏ అని ఒక కాగితం వస్తది. బేసిక్ ఎంత, కోత ఎంత అందులో రాసుంటది. అది చూడకుండా రూపాయి కట్టొద్దు. అందులో ఉన్న జీతాన్ని మీ సంతకం లేకుండా తగ్గించే హక్కు కంపెనీకి లేదు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. పని గంటలు రోజూ మీ చేత్తో మీరే రాసుకోండి. దెబ్బ తగిలితే బాత్రూములో జారిపడ్డానని చెప్పమంటారు, చెప్పొద్దు. డాక్టరుకి నిజం చెప్పండి, చీటీ దాచుకోండి. నష్టపరిహారానికి ఏడాదిలోగా అర్జీ పెట్టాలి. టీడబ్ల్యూసీటూ అనే సంఘం ఉంది, కేసుల్లో చిక్కుకుని పని లేనివాళ్ళకి 2008 నుంచి అన్నం కూడా పెడుతుంది. హోమ్ అనే ఇంకో సంఘం ఉంది. వాళ్ళ దగ్గరికి వెళ్ళడం నేరం కాదు. మన దేశంలో రిజిస్టరైన ఏజెంటు 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకి మించి తీసుకోకూడదు. మీ ఏజెంటుకి ఆ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో ముందు అడగండి. నీళ్ళు నమిలితే లేచి వచ్చెయ్యండి.

వచ్చే ఆదివారం పొద్దున్న పది గంటలకి మేం ముగ్గురం ఈ రావిచెట్టు కిందే ఉంటాం. ఆ ఐదుగురూ కాగితాలు పట్టుకుని రండి. ఇంట్లో ఆడవాళ్ళని కూడా తీసుకురండి, అప్పు పత్రం మీద వేలిముద్ర వేసేది వాళ్ళే కదా.