ఉద్యోగి సొంత వస్తువు పాడైతే నష్టం ఎవరిది?

పని కారణంగా కార్మికుడు గాయపడితే యజమాని పరిహారం చెల్లించాలని 1923 నాటి చట్టం నిర్దేశించింది. అయితే అది శరీరానికి కలిగిన హానికే పరిమితం కావడంతో, అదే ప్రమాదంలో పగిలిన కళ్ళజోడు, కాలిన చొక్కా, నుజ్జయిన సెల్‌ఫోన్ దాని పరిధిలోకి వచ్చేవి కావు. మరోవైపు, ఉద్యోగికి ప్రత్యేకంగా అప్పగించిన సరుకు అతని నిర్లక్ష్యం వల్ల పాడైతే, సంజాయిషీ విన్న తరువాత, నష్టానికి మించకుండా జీతంలో కోత విధించే వీలును 1936 నాటి వేతన చెల్లింపు చట్టం యజమానికి కల్పించగా, 2019 నాటి వేతనాల కోడ్ కూడా దానిని నిలుపుకుంది. ఉద్యోగి సొంత వస్తువు విషయంలో ఇంత స్పష్టమైన నియమం లేకపోవడం న్యాయమనిపించుకోదు.

అయినా ఆధారం బొత్తిగా లేకపోలేదు. ఒకరి వస్తువును, ఉద్దేశించిన పని తీరాక తిరిగి ఇచ్చే ఒప్పందంపై మరొకరు స్వాధీనం చేసుకోవడాన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం ‘బెయిల్‌మెంట్’ అంటుంది. అలా తీసుకున్నవారు, సాధారణ వివేకం గల మనిషి తన సొంత వస్తువుపై చూపేపాటి శ్రద్ధ చూపాలని 151వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి గేటు దగ్గర సెక్యూరిటీ సిబ్బంది ఫోన్లు తీసుకుని టోకెన్లు ఇచ్చే చోట, అశ్రద్ధ వల్ల ఫోను పాడైతే యజమాని బాధ్యత వహించవలసి రావచ్చు. ఉద్యోగి తనంతట తాను బల్ల మీద ఉంచుకున్న ఫోనుకు ఈ సూత్రం వర్తించదు.

ఉద్యోగం కోసం తప్పనిసరిగా వాడే సొంత బైకు, ల్యాప్‌టాప్, పనిముట్ల విషయంలో, ఉద్యోగి తప్పు లేనప్పుడు, వాటివల్ల లాభపడే యజమానే మరమ్మతు ఖర్చు భరించడం సమంజసం. అటువంటి ఉద్యోగులు ఈ షరతును నియామక పత్రంలోనే రాయించుకోవాలి. నష్టం జరిగిన రోజే లిఖితపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోవాలి.