తలుపు తెరచిన ఆటగాడు: ఎర్ల్ లాయిడ్
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గ్రంథాలయోత్సవమున ఆటగాని కథ యేల యని కొందరికి తోచవచ్చును. ఈ కథకు ఆరంభము గ్రంథాలయ ద్వారముకడనే యున్నది.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రమున అలెగ్జాండ్రియా యను పట్టణము కలదు. అచ్చటి గ్రంథాలయమున పూర్వము తెల్లవారికే ప్రవేశముండెడిది. 1939 ఆగస్టు 21వ తేదీన ఐదుగురు నల్లజాతి యువకులు లోనికేగి సభ్యత్వమడిగిరి. అధికారులు నిరాకరింపగా, తలకొక పుస్తకము చేతబట్టి మౌనముగా చదువుచు కూర్చుండిరి. పోలీసులు వారిని నిర్బంధించిరి. మరుసటి యేడు నల్లవారికి వేరుగా చిన్న గ్రంథాలయము వెలసెను గాని, పాత తలుపు వారికి తెరువబడలేదు.

ఆ పట్టణముననే 1928 ఏప్రిల్ 3న ఎర్ల్ లాయిడ్ జన్మించెను. ఆ సంఘటననాటికి అతడు పదునొకండేండ్ల బాలుడు. వెస్ట్ వర్జీనియా స్టేట్ కళాశాలయందు చదువుచు బాస్కెట్‌బాలు ఆటలో పేరు గడించెను. జీతము గైకొని ఆడువారి సంఘములలో ప్రధానమైన ఎన్.బి.ఏ.యందు అదివరకు నల్లవారు లేరు. 1950లో లాయిడ్, చక్ కూపర్, నాట్ క్లిఫ్టన్ అను ముగ్గురిని మూడు జట్లవారు చేర్చుకొనిరి. అక్టోబరు 31న రోచెస్టరు నగరమున వాషింగ్టన్ జట్టు పక్షమున ఆడి లాయిడ్ మొదటివాడయ్యెను. మరునాడే కూపర్ ఆడెను. పందెముల తేదీలే ఆ కీర్తిని లాయిడ్‌కు కట్టబెట్టినవి.

ఫోర్ట్ వేన్ నగరమున ఒక హోటలువారు అతనికి గది యిచ్చిరి గాని, భోజనశాలలో కూర్చుండనీయరైరి. జట్టు శిక్షకుడు బోన్స్ మెకిన్నీ తెల్లవాడు. అతడు లాయిడ్ గదికేగి, ప్రక్కన కూర్చుండి కలసి భుజించెను.

ఏడు ఆటలైన పిమ్మట లాయిడ్‌కు సైన్యమునుండి పిలుపు వచ్చెను. తిరిగివచ్చి సిరక్యూస్ జట్టున చేరెను. తాను బంతి బుట్టలో వేసి పేరుపొందుటకంటె, ఎదుటివారిని నిలువరించుటయే అతని పనియయ్యెను. 1955లో ఆ జట్టు విజేతయైనది. 1971లో అతడు డెట్రాయిట్ జట్టునకు ప్రధాన శిక్షకుడయ్యెను. 2003లో బాస్కెట్‌బాలు ప్రముఖుల కీర్తిమందిరమున స్థానము పొంది, 2015లో కన్నుమూసెను.

సోదరులారా! నియమము తలుపు తెరువగలదు. ప్రక్కన కూర్చుండుట మనుష్యుడే చేయవలెను. మన గ్రంథాలయ ద్వారమున ఎవరికిని నిషేధము లేదు. అయినను చందాదారుల పట్టికను ఒకమారు తిరుగవేయుదము. ఏ వీధివారి పేర్లు అందు కానరావో, ఆ వీధికి మనమే నడచి పోవుదము.