నాట్లు ముగిసిన నాటి నుండే క్రిస్మస్ పాట

(గాయక బృందముల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



"అయ్యగారూ, క్రిస్మస్‌కు ఇంకా నాలుగు నెలలున్నది, ఇప్పటినుండే ఆ పాటలేమిటి?" అని ఆగస్టు మాసంలో ప్రతి సంఘంలోను ఒకరిద్దరైనా అడుగుతారు. నవ్వుతూ అడిగినా అది మంచి ప్రశ్నే. దానికి జవాబు మన పొలాల్లోనే ఉన్నది.

ఉమ్మడి కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల్లో మనవారు చాలామంది రైతులు, కూలీలు. జూలై, ఆగస్టుల్లో వరినాట్లు. నవంబరు వచ్చిందంటే ఇటు వరికోతలు, అటు ఆదిలాబాదు వైపు పత్తి ఏరుట. ఆగమన కాలపు మొదటి ఆదివారము నవంబరు 27కు, డిసెంబరు 3కు మధ్య వస్తుంది. పాట నేర్చుకొందామని అప్పుడు కూర్చుంటే ఎవరు రాగలరు? పగలంతా నడుము వంచి కోసినవారికి రాత్రి కన్ను తెరుచుకోదు. నాట్లకు, కోతలకు నడుమ దొరికే కాలమే మనకు దేవుడిచ్చిన సాధన కాలము. బతుకమ్మ, దసరా సెలవులకు హాస్టళ్ల నుండి పిల్లలు ఇల్లు చేరుతారు. వారికి నేర్పుటకు అంతకంటే మంచి అదను దొరకదు.

గోదావరిఖని, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి వైపు లెక్క వేరు. సింగరేణిలో ఈ వారం పొద్దటి షిఫ్టుకు పోయినవాడు మరో వారం రాత్రి షిఫ్టుకు పోవాలి. సాధన పదిహేను రోజులే పెట్టుకుంటే బాస్ పాడే నలుగురు ఒకచోట కూడుట కష్టము. నాలుగు నెలలుంటే ప్రతివానికి వీలుపడే రోజులు దొరుకుతాయి. "మూడుసార్లు రానివారిని పండుగనాడు నిలబెట్టవద్దు" అనే మాట అక్కడక్కడ వినబడుతున్నది. క్రమశిక్షణ అవసరమే. కాని బొగ్గుబాయిలో దిగినవానిని, ఇంట్లో పడుకొన్నవానిని ఒకే గాటకు కట్టుట న్యాయము కాదు.

దీర్ఘకాల సాధన వాక్యములో లేనిది కాదు. దినవృత్తాంతముల మొదటి గ్రంథము 25వ అధ్యాయము చదవండి. దావీదు కాలంలో సంగీతము నేర్చి ప్రవీణులైనవారు 288 మంది. వారిని 24 వంతులుగా, వంతుకు 12 మంది చొప్పున ఏర్పరచి చీట్లు వేశారు. పిన్న పెద్ద, గురువు శిష్యుడు అనే భేదము చూడలేదు. అనగా నేర్చినవాడు, నేర్చుకొనుచున్నవాడు ఒకే వరుసలో నిలిచారు. షిఫ్టుల వారికి వంతులు కొత్త గనుకనా?

ఇక ఈ సాధనలోని సంతోషము సంగతి చెప్పాలి. సోప్రానో పాడేవారికి మొదటి రోజే పాట దొరుకుతుంది. ఆల్టో పాడే సహోదరీలకు అట్లా కాదు. వారి వరుస ఒంటిగా పాడితే పాటలాగే ఉండదు. ఒకే స్వరము చుట్టూ తిరుగుతూ వారాల తరబడి పాడాలి. ఒకనాడు హార్మోనియం పెట్టె ముందు నాలుగు గొంతులూ కలుస్తాయి. అప్పుడు వారు ఒకరి ముఖము ఒకరు చూచుకొందురు. తాము ఇన్నాళ్లు మోసినది ఏమిటో ఆ క్షణాన తెలుస్తుంది. డిసెంబరు 25న గుడిలో కూర్చున్నవారు పాట వింటారు గాని, ఈ క్షణము వారికి దొరకదు. అక్షరము రాని అవ్వకు కూడ ఇందులో పాలు ఉన్నది. కీర్తనల పుస్తకంలో పాట తలమీద అచ్చువేసిన రాగము, తాళము ఆమె చదువలేదు. కాని నాలుగు నెలలు వింటే పుస్తకము పట్టినవారికంటే ఆమెకే పాట ముందు వస్తుంది.

మన ప్రాంతములో సువార్త పని చేసినవారిలో వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు ముఖ్యులు. ఆ వెస్లీ సోదరులలో చార్లెస్ వెస్లీ దూతల పాటను గూర్చిన తన క్రిస్మస్ కీర్తనను 1739లో అచ్చువేశాడు. నేడు లోకమంతా దానిని పాడే రాగము మెండెల్సన్‌ది. అచ్చుయంత్రమును కనిపెట్టిన గూటెన్‌బర్గ్ ఉత్సవానికి 1840లో ఆయన కూర్చిన సంగీతములోనిది. ఆ మాటలను ఈ రాగంతో 1855లో కలిపినవాడు విలియం కమింగ్స్ అనే ఆర్గను వాద్యకారుడు. అప్పటికి వెస్లీ లేడు, మెండెల్సన్ లేడు. 116 సంవత్సరాలకు కుదిరిన పాట అది. నాలుగు నెలలు మనకు ఎక్కువా?

నేడు ఫోనులో ట్రాక్ దొరుకుతున్నది, స్పీకరు పెడితే చాలు అనేవారున్నారు. వాయిద్యాలు లేని చిన్న సంఘానికి అది తోడుగా ఉండవచ్చును, దానిని నేను తప్పుపట్టను. కాని ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. తడబడిన పిల్లవానికి ఆ చరణము మరల అందించదు. రాత్రి షిఫ్టు దిగి వచ్చినవానిని "అన్నా, నీ వరుస ఇది" అని పక్కన కూర్చోబెట్టుకోదు. ఆ పని సంఘమే చేయగలదు. ఆ పని మానుకొంటే కొన్నాళ్లకు మన గుళ్లలో వినేవారుంటారు గాని పాడేవారుండరు. నా భయము అదే.

కాబట్టి మూడు మనవులు. నాట్లు ముగిసిన మొదటి ఆదివారమే సాధన మొదలుపెట్టండి. ప్రతి వరుసకు ఒకరిని నియమించి, రాలేనివారి ఇంటికి పాటను చేర్చండి, ఫోనులో పంపినా సరే. చదువు రానివారిని ముందు వరుసలో కూర్చోబెట్టండి, వారు వినాలి గదా.

పొలములో విత్తిన రోజున ఎవరికీ ధాన్యము కనబడదు. అయినా విత్తుతాము. పాట కూడ అంతే. ప్రభువు మన గొంతులను, మన ఓపికను దీవించునుగాక. ఆమెన్.